కళ్లకెవరద్దారు?

పెడనలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న కలంకారీ అద్దకం పనాయన, బంటుమిల్లికి పసరు మందు తాగడానికి వెళ్తున్నాడు.

"కామెర్లని మా ఆవిడ పోరండీ. ఇది కరక్కాయ రంగు!" అంటూ పచ్చటి చేతులు చూపించాడు.

"మరి కళ్లకెవరద్దారండీ?"

నవ్వబోయి కుడి డొక్క పట్టుకున్నాడు. నాలుగు రోజులుగా నొప్పీ, చలిజ్వరమూనట. పైత్యరసం దిగే నాళంలో రాయి అడ్డుపడి ఉండొచ్చనీ, అది పసరుకు కరగదనీ, జ్వరముంటే ఆలస్యం చేయకుండా బందరు పెద్దాసుపత్రికి వెళ్లాలనీ చెప్పాను. స్కానింగులో రాయి కనబడితే నోట్లోంచి సన్నటి గొట్టం దించి, పొట్ట కోయకుండానే తీస్తారన్నాను.

"మీరు డాక్టరాండీ?"

"కాదండీ, లైబ్రరీలో చదివాను."

"పసరాయన అదీ చదవలేదు లెండి," అని తర్వాతి స్టాపులో దిగిపోయాడు. వెనక్కి తిరిగి చూశాను. రోడ్డు దాటి, బందరు వెళ్లే బస్సుకు చెయ్యెత్తుతున్నాడు.