సగమే కనబడిన మెమరీ

ఈ ఉదయం మహబూబ్‌నగర్‌లోని మా సర్వీసు గదిలో ఉన్నది నేను, మూత విప్పిన ఒక కంప్యూటరు, స్క్రూలు వేసిన గిన్నె, కొంచెం దూది, ఒక స్పిరిట్ సీసా. పాత ప్రాసెసరు మీద ఎండిపోయిన, వేడిని కూలరుకు అందించే పేస్టు తుడుద్దామని సీసా మూత తీశాను. ఆ ఘాటు ముక్కుకు తగలగానే నల్గొండలో పద్మక్క దుకాణం గుర్తుకొచ్చింది.

పద్మక్క పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం పర్మినెంటు కాదని తెలిశాక గడియార స్తంభం దగ్గర ఒక మడిగె కిరాయికి తీసుకుని కంప్యూటర్లు బాగుచేసేది. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో, డిప్లొమా ముగించి నేను ఆమె దగ్గర చేరాను. మిషను విప్పే ముందు ఆమె గాజులు తీసి బల్ల చివర పెట్టేది, కొంగు నడుముకు దోపేది. ఆ తరువాత అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: చివరగా ముట్టుకున్నదేమిటి?

హాలియాలో ఫోటో స్టూడియో నడిపే సైదులు ఒకనాడు పొద్దున్నే తన కంప్యూటరును తువాలలో చుట్టుకుని, ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాడు. మెమరీ పదహారు జీబీ ఉండాల్సింది ఎనిమిదే కనబడుతోంది. ఒక్కోసారి పదహారూ వస్తుంది, కానీ అప్పుడు మిషను ఆగిపోతుంది, తెరిచిన ఫోటోల మీద బూడిదరంగు చారలు పడతాయి. మెమరీ పోయిందని ఒక దుకాణంలో చెబితే కొత్తవి వేశాడు. వాటితోనూ అంతే. అతని తొందర వేరే ఉంది. ఆ నెలలో అతను తీసిన ఒక పెళ్లిలో పెళ్లికూతురి తండ్రి దవాఖాన నుంచి వచ్చి కూర్చున్నాడు, వారం తిరగకముందే చనిపోయాడు. సైదులు మా దగ్గరికి వచ్చిన మర్నాడే దశదిన కర్మ. ఫ్లెక్సీకి ఆయన ఫోటో కావాలి. ఆయనవి ఇంట్లో వేరే మంచి ఫోటోలు లేవు, కెమెరా కార్డులు సైదులు అప్పటికే ఖాళీ చేశాడు.

పద్మక్క తన ప్రశ్న అడిగింది. సైదులు కొత్త మౌసు సంగతి చెప్పాడు, ప్రింటరు సంగతి చెప్పాడు. ఆమె మళ్లీ అదే అడిగింది. అప్పుడు, పెళ్లి ఫోటోలు ఎక్కించిన తరువాత కొత్త ప్రాసెసరు తానే వేశానని, ఫోన్‌లో వీడియో చూసి వేశానని చెప్పాడు.

నేను మెమరీ వైపు చేయి చాపాను. ఆమె నా చేయి ఆపింది.

"ముందు డిస్కు తియ్యి తమ్మీ. మెమరీ బజార్ల దొరుకుతది. గాయన ఫోటో దొరుకది."

ఫోటోలన్నీ ఉన్న ఆ డిస్కును మా మిషనుకు తగిలించి, అందులో ఏదీ రాయకుండా మొత్తం కాపీ తీయడానికి పెట్టాక గానీ కంప్యూటరు జోలికి పోలేదు. ప్రాసెసరు మీది కూలరుకు మూలకొకటి చొప్పున స్క్రూలుంటాయి. ఒకదాన్ని నేను ఎంత తిప్పినా కదలలేదు. పద్మక్క సైదులు వైపు చూసి, స్టూడియో పెట్టకముందు ఏం పని చేసేవాడివని అడిగింది. కాలువ వెంట నీళ్ల మోటర్లు రిపేరు చేసేవాడినన్నాడు.

"గట్ల చెప్పు. మోటరు బిగించినట్లు బిగించినవన్నా."

"వదులుంటె ఊడిపోతది గద మేడం. మోటరు ఎట్ల ఊగుతదో నీకేమెరుక?"

"ఇది ఊగదన్నా, కూసున్న జాగల కూసుంటది. ఒక మూల నువ్వు పాణం పెట్టి బిగిస్తె ఇంకో మూల లేసింది, కింది పిన్నులకు తగుల్తలేదు. ప్రాసెసరుకు మెమరీ సగమే అందుతాంది."

సైదులు తన చేతులు చూసుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. పద్మక్క స్క్రూలన్నీ వదులు చేసి, ప్రాసెసరు తీసి, కింది సన్నటి పిన్నులను భూతద్దంతో వరుస వరుసగా చూసింది. ఏదీ వంగలేదు. పాత పేస్టు స్పిరిట్‌తో తుడిచి కొత్తది పెట్టింది. కూలరును రెండు వేళ్లతోనే, ఒక మూల కొంచెం, దాని ఎదురు మూల కొంచెం, మళ్లీ మొదటిది, అలా బిగించింది. మెమరీ పదహారు కనబడింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు, ఒకసారి కనబడటం కాదు, నిలబడాలని మెమరీ పరీక్ష పెట్టి, అది నడుస్తుండగా మమ్మల్ని మా మిషనులో కాపీ అయిన ఫోటోల ముందు కూర్చోబెట్టింది.

అన్నిటికంటే మంచిది, తండ్రి అల్లుడి కాళ్లు కడుగుతున్న ఫోటో, సగం నుంచి కిందికి బూడిదరంగైపోయింది. సైదులు ప్రాసెసరు మార్చాక దాన్ని దిద్ది, అసలు ఫోటో మీదనే సేవ్ చేశాడు. అది, ఆయన ఉన్నవే అలా దిద్దిన మరో నాలుగు, ఇక తిరిగి రావు. వాళ్లకు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలె అన్నాడు సైదులు. పద్మక్క ఓదార్చలేదు. మిగిలినవి ఒక్కొక్కటే తెరవమంది. చాలాసేపటికి ఒకచోట ఆపమంది. ప్లాస్టిక్ కుర్చీలో, భుజం మీద తువాలతో ఆ పెద్దమనిషి నవ్వుతున్నాడు.

"కెమెరా దిక్కు చూస్తలేడు మేడం," అన్నాడు సైదులు.

"బిడ్డ దిక్కు చూస్తుండు గద."

మెమరీ పరీక్ష ఒక్క తప్పూ లేకుండా ముగిసింది. ఫ్లెక్సీ ఆ ఫోటోతోనే వేశారు. చెడిపోయిన వాటి సంగతి దాచకుండా ఆ ఇంట్లో చెప్పమని పద్మక్క పంపింది. సైదులు చెప్పాడట. పెళ్లికూతురు ఆ కుర్చీ ఫోటోకే ఫ్రేము కట్టించమందట.

ఇప్పుడు నా దగ్గర పనికి చేరిన ఎవరికైనా స్క్రూడ్రైవరు ఇచ్చే ముందు నేను డిస్కు తీయడం నేర్పుతాను. ఎందుకని అడిగితే ఈ పెళ్లి సంగతి చెబుతాను. ఆ తండ్రి ఉన్న ఫోటోలు మొత్తం ముప్పై ఎనిమిది. చెడిపోయినవి ఐదు. మిగిలినవి ముప్పై మూడు.