వెనక సీట్లో మా నాయన

పోయిన వారం మా మేనకోడలు కొత్త కారు కొన్నది. థర్మల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చిన నాటి నుంచి కంపెనీ బస్సులో తిరిగి తిరిగి విసుగెత్తి, చివరికి ఎర్రటి కారొకటి తెచ్చి ఇంటి ముందు నిలబెట్టి, మొదటి సవారీకి వాళ్ళ నాన్నను, అంటే మా అన్నను, నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ముత్తుకూరు నుంచి నెల్లూరుకు బయలుదేరింది. బొగ్గు లారీలు తిరిగే దారి కదా, ఎన్నిసార్లు వేసినా ఆ రోడ్డుకు గుంతలు తప్పవు. గుంత వచ్చినప్పుడల్లా ఎలా ఉంది నాన్నా అని ఆ పిల్ల అడగటం, బాగుందమ్మా అని మా అన్న అనటం, అంటున్నంతసేపూ ఆయన చెయ్యి తలుపు పైనుండే పిడిని గట్టిగా పట్టుకుని ఉండటం చూసి నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వానో చెప్పాలంటే మా ఇంట్లో ఒక పాత చిన్న కారు ఉండిన రోజులకు వెళ్ళాలి. మా ఈడు వాళ్ళు కాస్త ఓపిక పట్టండి, మిగతావాళ్ళ సంగతి నాకు తెలియదు.

మాది దూది ఏకే ఇల్లు. మా నాయన ముత్తుకూరు బజారులో బూరుగు దూది పరుపులు కుట్టి అమ్మేవాడు. చుట్టుపక్కల ఏ పెళ్ళి జరిగినా పరుపు మా అంగడి నుంచే పోవాల్సిందే. ఏళ్ళ తరబడి వంగి దూది ఏకీ, పరుపులు మోసీ ఆయన నడుము పూర్తిగా చెడింది. పరుపు గుడ్డలు కుట్టే పని నాది. మా అన్నకు మాత్రం చిన్నప్పటి నుంచీ దూదంటే తుమ్ములు, ఇంజనంటే ప్రాణం. కృష్ణపట్నం దారిలో ఒక మెకానిక్ షెడ్డులో చేరి, అప్పటికే చేతులు మారి మారి వచ్చిన చిన్న కారొకటి కొని, మద్రాసు అవతలి రేసు ట్రాకులో సరదాగా తోలేవాళ్ళ కోసం పెట్టే పోటీలకు దాన్ని తీసుకుపోయేవాడు. అదే కారు మిగతా రోజుల్లో నెత్తిన పరుపు కట్టుకుని విడవలూరు దాకా పోయి పెళ్ళివారింట్లో దించి వచ్చేది. రేసు కారు పండుకోను పోతా ఉందని బజారంతా ఎగతాళి చేసేవాళ్ళు, మా అన్న దానికి కూడా మురిసిపోయేవాడు.

ఆ కారుకు ఒకటే జబ్బు. సూటిగా పోయేటప్పుడు బుద్ధిగా పోయేది గాని, మలుపు వచ్చిందంటే ఒక పక్కకు ఒరిగిపోయి, లోపలి చక్రం నేల మీద పట్టు వదిలేసి ఉత్తినే గిర్రున తిరిగేది, ఈలోగా వెనక వచ్చే కార్లన్నీ దాటిపోయేవి. ఇంటి వాడకానికి చేసిన సస్పెన్షన్ కాబట్టి మెత్తగా ఉంటుందని, అది మార్చాలని అన్న అనేవాడు. ఏది మార్చాలన్నది మా ఇంట్లో నెలల తరబడి తేలలేదు. పొట్టిగా గట్టిగా ఉండే స్ప్రింగులు వేస్తే కారు నేలకు అతుక్కుపోతుందని మద్రాసులో ఆయన స్నేహితుడు చెప్పేవాడు. ముందు మంచి షాక్ అబ్జార్బర్లు వేసి చూడు, స్ప్రింగుల సంగతి తర్వాత అని షెడ్డు యజమాని అనేవాడు. కూర ఎలా ఉందో చెప్పకుండా స్ప్రింగుల గురించి మాట్లాడే మనుషులకు వండటం దండగని మా అమ్మ గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టేది.

ఇలా ఉండగా, అన్నాళ్ళూ ఆ పోటీలను పిచ్చి అని కొట్టిపారేసిన మా నాయన ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ, ఈసారి నన్ను కూడా తీసకపోరా, నువ్వు ఎట్ట తోలతావో చూడాల అన్నాడు. ఆ పూట మా అన్నకు సంతోషంతో అన్నం సయించలేదు. నాయన చూస్తుండగా ఆ మలుపుల్లో ఒక్కరినైనా దాటాలి, అంతకు మించిన కోరిక అన్నకు ఇక లేదు. రైలెక్కి, దిగి, ఆటోలు మారటం ఆ నడుముతో అయ్యే పని కాదు గనుక, వెళితే మా నాయన ఆ కారు వెనక సీట్లోనే వెళ్ళాలి, అందులోనే తిరిగి రావాలి. గట్టి స్ప్రింగులు వేస్తే ప్రతి గుంతా ఆ నడుముకే తగులుతుంది. అవి అక్కడికి పోయాక వేసుకోవచ్చు గదా అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. మార్చిన ప్రతిసారీ చక్రాల అలైన్‌మెంటు మళ్ళీ సరిచూసుకోవాలట, అక్కడ అది కుదరదట.

చివరికి అన్న గట్టి స్ప్రింగులే తెచ్చి బిగించి, మా నాయనను, నన్ను వెనక కూర్చోబెట్టి కృష్ణపట్నం దారిలో తిప్పుకొచ్చాడు. మలుపుల్లో ఒరగటం తగ్గిన మాట నిజమే గాని, పాత షాక్ అబ్జార్బర్లు ఆ స్ప్రింగులను పట్టి ఆపలేక కారు గెంతుతూ పోయింది, గుంత వస్తే తల పైకప్పుకు తగిలేది. మా నాయన పైనున్న పిడిని వదల్లేదు, వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. దిగాక ఎట్టుంది నాయనా అని అన్న అడిగాడు.

“బాగుండాది రా. నడుముకు గట్టి పరుపే మంచిదని డాక్టరు కూడా చెప్పినాడు గదా.”

పరుపుల సంగతి తెలిసిన మనిషి, ఆపైన డాక్టరు మాట. మా అన్న నమ్మేశాడు. నమ్మాలని ఉన్నవాడికి అంతకంటే ఏం కావాలి?

ఆ సాయంత్రం దారం కోసం అంగడి వెనక గదిలోకి పోతే, మా నాయన దూది మూటల మధ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు. లేపబోతే లేవలేకపోయాడు. ఆయన కంట నీళ్ళు నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. నన్ను చూసి సిగ్గుపడ్డట్టు నవ్వాడు.

“అన్నకు చెప్పబాకమ్మా. నా కోసం వాడు వెనకబడతాడు.”

చెప్పనని తల ఊపాను. అన్న ఇంటికి రాగానే చెప్పేశాను. ఆయన అన్నం కూడా తినకుండా షెడ్డుకు పోయాడు. మర్నాటికి పాత స్ప్రింగులు మళ్ళీ కారు కిందికి వచ్చాయి. వాటికి తోడు షెడ్డు యజమాని చెప్పినట్టే కొత్త షాక్ అబ్జార్బర్లు, వెనక చక్రాలు రెంటినీ కలుపుతూ ఒక లావుపాటి ఇనుప కడ్డీ వేయించాడు. రెండు చక్రాలూ ఒక్కసారే గుంతలో దిగితే ఆ కడ్డీ మన జోలికి రాదట, కారు ఒరగబోతే మాత్రం పట్టి నిలబెడుతుందట. గట్టి స్ప్రింగులంత పట్టు దానికి ఉండదని అన్నకు తెలుసు. తెలిసే వేయించాడు.

మా నాయనకు సంగతి అర్థమై నాతో మాటలు మానేశాడు. ఎదురుగా కూర్చున్న నన్ను కత్తెర అడగాలన్నా ఇంట్లో ఉన్న మా అమ్మను పిలిచి అడిగించేవాడు. ప్రయాణం కోసం బూరుగు దూది నింపి చిన్న దిండు కుట్టి సీట్లో పెడితే, దాని మీద హాయిగా కూర్చున్నాడు గాని, అది ఎవరు కుట్టారో ఎరగనట్టే ఉన్నాడు. నేనూ ఆయన పక్కనే కూర్చుని వెళ్ళాను. దారి పొడుగునా అన్న ముందున్న అద్దాన్ని కిందికి వంచి పెట్టుకున్నాడు, వెనక వచ్చే బండ్ల కోసం కాదు, మా నాయన చెయ్యి కనబడటానికి. ఆ చెయ్యి పిడి వైపు కదిలితే చాలు, కారు నెమ్మదించేది.

పోటీలో మా అన్న గెలవలేదు. సూటి దారిలో బలమైన కార్లు ఆయనను దాటిపోతూనే ఉన్నాయి. గట్టి స్ప్రింగులు ఉండుంటే ఇంకొంచెం ముందుండేవాడేమో, నాకు తెలియదు. కాని చివరి చుట్టులో, మేము కూర్చున్న వైపు మలుపులో, మా కారు ఒరగకుండా తిరిగి, ముందున్న కారును లోపలి పక్క నుంచి దాటింది. మా నాయన నడుము సంగతి మరిచి లేచి నిలబడి నా భుజం పట్టుకున్నాడు. చూసినావా, వాడు దాటేసినాడు అన్నాడు. అన్ని రోజుల తర్వాత ఆయన నాతో మాట్లాడిన మొదటి మాట అది.

తిరుగు ప్రయాణంలో సూళ్ళూరుపేట దాటేసరికి మా నాయన నిద్రపోయాడు. పిడి మీది చెయ్యి జారి నా ఒళ్ళో పడింది. అద్దంలో అది చూసి అన్న వేగం ఇంకా తగ్గించాడు, వెనక వచ్చిన లారీలన్నీ హారన్ కొట్టుకుంటూ మా రేసు కారును దాటిపోయాయి. అంత సంతోషం మా ముగ్గురికీ మళ్ళీ ఎప్పుడూ కలిసి రాలేదు.

ఆ కారు పాత ఇనుము కింద పోయింది. మా నాయన పోయి చాలా ఏళ్ళయింది. మా అంగడి ఉన్న చోట ఇప్పుడు ఫోము పరుపులు అమ్ముతున్నారు, అవి ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని వస్తాయి, ఎవరి నడుము ఎలాంటిదో కుట్టిన వాళ్ళకు తెలియదు. కార్లూ అంతే, మెత్తదనం గట్టిదనం ఫ్యాక్టరీలోనే తేలిపోయి వస్తాయి, వాటి గురించి అన్నం దగ్గర ఎవరూ తగువులాడరు. రోజులు సుఖంగానే ఉన్నాయి, కాదనను. కాని వెనక కూర్చున్న మనిషికి ఎలా ఉందో కనిపెట్టే అలవాటు కూడా మా పాత కారుతోనే పోయిందేమోనని నాకు దిగులుగా ఉంటుంది.

నా నవ్వు విని మేనకోడలు ఎందుకత్తా అంది. ఏమీ లేదు, కొంచెం మెల్లగా పోనియ్యి అన్నాను. నాన్న బాగుందనే అంటున్నాడు గదా అంది. ఊరుకుందామనుకున్నాను, చేతకాలేదు.

“మీ నాయన నోటిమాట నమ్మబాకమ్మా. చెయ్యి చూడు.”

ఆ పిల్ల అద్దంలోకి చూసింది. కారు నెమ్మదించింది. మా అన్న నన్నొకసారి కోపంగా చూసి, పిడి వదిలేసి, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నెల్లూరు చేరేదాకా నాతో మాట్లాడలేదు.