దొరికిందా ఆ గొర్రె?

కుప్పం నుంచి పుంగనూరు వస్తుంటే పెద్దపంజాణి దగ్గర ఒక పెద్దాయన తడిసిన కంబళి కప్పుకుని బస్సెక్కాడు. గొర్రెబొచ్చు వాసన బస్సంతా కమ్ముకుంది. పక్కసీటావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గుండెనిండా పీల్చుకున్నాను. మాది సదుం దగ్గర పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. అయినా ఆ వాసనకి నాకు ఇంటికంటే ముందు మునెప్ప సార్ గుర్తొస్తారు.

సార్ పుంగనూరులో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. నేను అంగళ్లులో ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో ఉండగా, కాలేజీకొచ్చిన కంపెనీల ముందు నోరు పెగలక తిరిగొచ్చేదాన్ని. 'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయడం, 'గివ్ అప్' అంటే ఆశ వదులుకోవడం అని వల్లెవేసినవన్నీ కుర్చీలో కూర్చోగానే మాయమయ్యేవి. ఇక ఒక్క కంపెనీయే మిగిలింది. అదీ పోతే ఇంటికొచ్చి గొర్రెల వెంట నడవమన్నాడు నాన్న. కోపంతో కాదు, ఓపిక అయిపోయి. అమ్మే నన్ను సార్ దగ్గరికి తీసుకుపోయింది.

వెళ్లగానే ఆయన నా పుస్తకం మూయించారు. "ఈ వారం మీ ఇంట్లో ఏం జరిగిందో సెప్పమ్మా, తెలుగులోనే" అన్నారు. ప్రతి ఆదివారం అదే పద్ధతి. నేను చెబుతుంటే మధ్యమధ్య ఒక్కో పనికి ఇంగ్లీషు తొడిగేవారు. "గొర్రెల్ని మీ నాయన సూసుకుంటాడే, అది లుక్ ఆఫ్టర్. తప్పిపోతే ఎతుకుతాడు, అది లుక్ ఫర్. మేత యాల ముట్టలేదో, ఏం జబ్బు సేసిందోనని ఆరా తీస్తాడు, అది లుక్ ఇంటూ. గొర్రె అదే, మీ నాయనా ఆయనే. పని మారతాండాది, అంతే." అరిగిపోయిన నా చెప్పులు చూపించి వోర్న్ అవుట్ అన్నారు. పొద్దుగూకాక కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరే మా నాన్నకీ అదే మాట సరిపోతుందన్నారు. ముందు నవ్వొచ్చింది, తర్వాత కళ్లు చెమర్చాయి. ఆ మాట మళ్లీ మరిచిపోలేదు.

"ఇంటర్వ్యూలో గొర్రెల సంగతి సెప్తే నవ్వుతారు సార్" అన్నాను.

"నవ్వనీలేమ్మా. నవ్వుతాండారంటే ఇంటాండారనే కదా" అన్నారు.

ఆ చివరి కంపెనీ ఇంటర్వ్యూ రోజు రానే వచ్చింది. నువ్వు ఎదుర్కొన్న కష్టం ఒకటి చెప్పమన్నారు. బట్టీపట్టిన జవాబు మొదటి వాక్యంలోనే తెగిపోయింది. నాన్న ముఖం కళ్లముందు మెదిలింది. ఇక పోయేదేముందని మా చూడి గొర్రె సంగతి ఎత్తుకున్నాను. ఉరుముకి బెదిరి పారిపోయింది, రన్ అవే అన్నాను. ఊరంతా వెతికాం, లుక్ ఫర్ అన్నాను. చీకటి పడ్డాక నాన్న ఆశ వదులుకున్నాడు, గివ్ అప్ అన్నాను. వాక్యాలు కుంటుతూనే ఉన్నాయి. అక్కడికొచ్చి ఆగాను. అంతలో ఇంటర్వ్యూ చేసేవాళ్లలో చివరన కూర్చున్నావిడ ముందుకు వంగి, "డిడ్ ఇట్ టర్న్ అప్?" అంది. దొరికిందా అని అడుగుతోంది! ఆవిడకి నా ఇంగ్లీషు కాదు, మా గొర్రె కావాలి. గుండెల మీద బరువంతా దిగిపోయింది. తెల్లారి గుట్ట కింద పిల్లతో సహా కనబడిందని చెప్పేశాను, ఎలా చెప్పానో నాకే తెలీదు.

ఉద్యోగం ఖాయమయ్యాక మదనపల్లె బస్టాండు నుంచే సార్‌కి ఫోన్ చేశాను. గొర్రె సంగతే చెప్పానన్నాను. "దొరికిందని సెప్పినావా, ల్యాకుంటే మధ్యలో ఇడిసిపెట్టి వచ్చినావా? పాపం, వాళ్లు దిగులు పడతాండారేమో!" అన్నారు. బస్టాండులో అందరూ చూస్తున్నా పగలబడి నవ్వాను.

సార్ ఇప్పుడు లేరు. నేను కుప్పంలో డిగ్రీ పిల్లలకి ఇంటర్వ్యూలకి తర్ఫీదు ఇస్తున్నాను. నిన్న ఒక పాడిరైతు కూతురు నోరు తెరవలేక తల దించుకుంది. పుస్తకం మూయించాను. వాళ్ల ఆవు ఈనలేక అవస్థపడిన సంగతి తెలుగులో మొదలుపెట్టి, మెల్లగా ఇంగ్లీషులోకి దిగి, ఉన్నట్టుండి ఆగి భయంగా నా వైపు చూసింది. తప్పులు చాలానే దొర్లాయి. అవి తర్వాత చూసుకోవచ్చు.

"దూడ బతికిందా?" అని అడిగాను.

ఆ పిల్ల ముఖం విప్పారింది. "బతికింది మేడమ్, ఇప్పుడు ఇల్లంతా గంతులేస్తాండాది" అంది.