అప్ప ప్లీడరు

నిజానికి నరసింహమూర్తి బారిస్టరు కాదు. మద్రాసులో లా చదివి, సొంతూరు భీమవరంలో కోర్టు నిండా బంధువులే నల్లకోట్లేసుకుని కూర్చోగా, డెబ్బై మూడులో విశాఖపట్నం వచ్చి సీతమ్మధారలో బోర్డు కట్టిన ప్లీడరు. అయితే రేవు జాలర్లకు నల్లకోటు వేసిన ప్రతివాడూ బారిస్టరే. వాళ్లలా పిలిచినప్పుడల్లా ఆయన కళ్లజోడు తుడుచుకునేవాడే గాని, కాదని ఒక్కనాడూ అనలేదు.

వారసత్వపు తగాదాలు ఆయనకు కొట్టినపిండి. "పెద్దవాళ్లు పోయిన ఇంటికి ముందు ఏడుపొస్తుంది, వెనక నేనొస్తాను" అనేవాడు భార్య భ్రమరాంబతో.

చిట్టమ్మ అలాంటి తగాదాతోనే వచ్చింది. పడవ తండ్రి ఆస్తి, సగం తనదే అంటూ ఆమె అన్న పోలిరాజు దావా వేశాడు. చిట్టమ్మ కొడుకులు వేటకెళ్లేది ఆ పడవ మీదే.

"పడవ ఎవరిదమ్మా?"

"మా అప్పది బాబూ. అప్ప కొన్న పడవ. అప్ప సేత్తో నాకిచ్చిన పడవ."

మద్రాసు నీళ్లు తాగినవాడికి అప్ప అంటే ఎవరో వేరే చెప్పాలా? పడవ తండ్రిదే, బతికుండగానే కూతురికిచ్చాడు అని ఇంగ్లీషులో జవాబు బిగించి రాశాడు. వేలిముద్రకు ముందు తెలుగులో చెప్పాలి గనక, ఆమె మాటతోనే చెప్పి మెప్పిద్దామనుకున్నాడు.

"పడవ మీ అప్పది. మీ అప్పే మీకిచ్చిన పడవ. అంతేనా?"

"అంతే బాబూ" అని చిట్టమ్మ మురిసిపోయి వేలిముద్ర వేసింది.

తీరా ఆమె బోనెక్కాక, పోలిరాజు తరఫు ప్లీడరు శ్రీరామ్మూర్తి తాపీగా అడిగాడు.

"పడవ మీ నాన్నదేనని మీరే రాసిచ్చారుగా?"

"మా అయ్యదేటి? అయ్యకి తెప్పే గాని పడవెక్కడిది? మా అప్పది. సేపలమ్మి కొన్నాది."

"అప్పంటే?"

"అప్పంటే అప్పే బాబూ. నాకంటే ముందు మాయమ్మకి పుట్టిన పోతమ్మ."

జడ్జిగారిది అక్కను అప్ప అని పిలిచే ఎలమంచిలి. ఆయన మీసం కదిలింది.

"చూశారా సార్, నిన్న తండ్రి, ఇవాళ అక్క. రేపు అత్తగారంటుంది" అన్నాడు శ్రీరామ్మూర్తి.

"ఏమండీ, మీ క్లయింటు మాట మారుస్తోందా?" అని జడ్జిగారు నరసింహమూర్తిని అడిగారు.

అప్పుడావిడ అలాగే చెప్పిందండీ అనేస్తే ప్లీడరు కోటుకు మరక అంటదు. పడవ మాత్రం పోతుంది. ఆ మాట నరసింహమూర్తి నాలిక చివరిదాకా వచ్చింది కూడా. బోనులోంచి చిట్టమ్మ, బారిస్టరుబాబు ఏదో మంచి మాటే చెబుతాడన్న ధీమాతో చూస్తోంది.

"ఆవిడ మాట మారలేదండి" అన్నాడు. "నా చెవులే మద్రాసులో ఉండిపోయాయి. అప్ప అంటే నాన్న అనుకున్నాను. దిద్దుకోడానికి అనుమతివ్వాలి."

కోర్టంతా నవ్వింది. "బారిస్టరుగారికి తెలుగు మాస్టారిని కుదర్చాలి సార్" అన్నాడు శ్రీరామ్మూర్తి. జడ్జిగారు నవ్వాపుకుని అనుమతిచ్చారు. పోతమ్మ అప్పటికే పోయింది గనక, తర్వాత ఆమెతో చేపలమ్మిన ఆడవాళ్లు వచ్చి, ఆమె పడవ కొనడం, చెల్లెలికివ్వడం కళ్లారా చూశామన్నారు. పడవ చిట్టమ్మకే దక్కింది.

తీర్పు రోజున ఆమె మెట్ల దగ్గర ఆగింది.

"మా అయ్య బతికినన్నాళ్లూ పడవెక్కనేదు బాబూ. సచ్చినాక మీరెక్కించినారు."

ఆ తర్వాత రేవులో ఆయన్నెవరూ బారిస్టరు అనలేదు. సీతమ్మధార వీధిలో కేకేసి అడిగేవారు: "అప్ప ప్లీడరుగారిల్లేదండీ?" ఎదురింటివాళ్లకు అది అప్పుల ప్లీడరని వినపడేది. భ్రమరాంబ గుమ్మంలోకొచ్చి, "అప్పు కాదండీ, అప్ప, అప్ప" అని సర్దిచెప్పేది. లోపల నరసింహమూర్తి కళ్లజోడు తుడుచుకునేవాడు.