మేరమ్మ ఊపిరి, యేసుపాదం పావురాలు

అనకాపల్లి గవరపాలెంలో చంద్రమౌళిగారి మూడంతస్తుల మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, ఒక రేకుల గది ఉండేది. అందులో పద్దెనిమిదేళ్ళు కాపురమున్న మనిషి లూర్దు మేరీ. వీధిలో అందరికీ మేరమ్మ. జాకెట్లు కుట్టేది. అన్ని మెట్లెక్కడం ఎవరికీ ఇష్టం ఉండేది కాదు, కానీ భుజం జారకుండా, చంక పట్టేయకుండా కుట్టే చెయ్యి ఆ చుట్టుపక్కల ఆమెదొక్కటే. అందుకని ఆడవాళ్ళు ఆయాసపడుతూనే ఎక్కి వచ్చేవారు.

భర్త యేసుపాదం బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసేవాడు. పిల్లల్లేరు. మేడ మీద కర్రపెట్టెలతో గూళ్ళు కట్టి పావురాలు పెంచేవాడు. సాయంత్రం పని నుంచి వచ్చి ముఖమైనా కడుక్కోకుండా వాటిని ఎగరేసి, ఆకాశంలోకి చూస్తూ నిలబడిపోయేవాడు. కరోనా రెండో విడతలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మేరమ్మ అంబులెన్సు తలుపు దగ్గర అతని చెయ్యి పట్టుకుంటే, "జొన్నలు అయిపోనాయి, తెప్పించు" అన్నాడు. అవే ఆఖరి మాటలు. మట్టిచేసే వేళకి ముఖం కూడా చూడనివ్వలేదు.

జొన్నలు తెప్పించింది. ఆ రోజు నుంచీ పావురాలు ఆమెవైపోయాయి. ఇరవై రెండు. యేసుపాదం ఒక్కోదానికీ ఒక్కో పేరు పెట్టాడు. బూడిదరంగుది మేస్త్రి, మెడ మీద పచ్చగా మెరిసేది రాణి, ఎప్పుడూ పోట్లాడేది కరణం. పొద్దున్నే గూళ్ళు తెరిచి, ఎండిన రెట్ట రేకుముక్కతో గీకి, చీపురుతో ఊడ్చేది. ఊడ్చినప్పుడల్లా సన్నటి తెల్లటి దుమ్ము లేచి గదిలోకి కూడా వచ్చేది. కుట్టు మిషను మీద, అన్నం గిన్నె మూత మీద, దిండు మీద ఆ నూగే. ఆమెకది మురికిగా తోచలేదు. రోజు మొత్తం మీద ఆమె మాట్లాడే మాటల్లో సగానికి పైగా ఆ పక్షులతోనే. "ఏటే రాణీ, నిన్న తిన్లేదేటి?" అంటే, అది మెడ తిప్పి చూసేది. ఆ చూపు చాలేది.

జబ్బు ఎప్పుడు మొదలైందో ఆమె సరిగ్గా చెప్పలేదు. ముందు మెట్లు ఎక్కువైనట్టనిపించాయి. కూరలు తెచ్చుకుని ఒక్క ఊపులో పైకొచ్చేసే మనిషి, రెండో అంతస్తు దగ్గర ఆగి సంచి కింద పెట్టడం మొదలుపెట్టింది. యాభై దాటాయి కదా అనుకుంది. తర్వాత ఆదివారం పూజలో పాట అందకుండా పోయింది. ఒక చరణం మధ్యలో ఊపిరి చాలక నోరు మూసుకునేది, మిగతావాళ్ళు ముందుకు వెళ్ళిపోయేవారు, పల్లవి దగ్గర మళ్ళీ కలిసేది. పక్కనున్నవాళ్ళెవరూ గమనించలేదు. గమనిస్తే బాగుండునని కూడా ఆమెకి తోచలేదు.

ఆ పైన దగ్గు. కళ్ళె పడదు, గొంతు నొప్పి లేదు, ఒట్టి పొడి దగ్గు. నాలుగు మాటలు గట్టిగా మాట్లాడినా, నవ్వినా, మెట్లెక్కినా పొడుచుకొచ్చేది. మందుల షాపులో సిరప్ ఇచ్చారు. సీసా తర్వాత సీసా అయ్యాయి గానీ దగ్గు దగ్గులానే ఉంది. చీర కుచ్చిళ్ళు లోపలికి ఇంకో మడత పడుతున్నాయి. ఏమీ చెయ్యకుండానే మధ్యాహ్నానికి ఒళ్ళు బస్తాలు మోసినట్టయ్యేది.

ఒకరోజు చేత్తో కాజాలు కుడదామని, వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ తీసింది. పాతికేళ్ళుగా వాడుతున్నది. వేలికి ఎక్కలేదు. వేలి చివర ఉబ్బి గుండ్రంగా, గోరు బోర్లించిన చెంచాలా వంగి ఉంది. రెండో చెయ్యి చూసుకుంది. అదీ అంతే. నొప్పేమీ లేదు. మనిషి చిక్కిపోతుంటే వేళ్ళు లావెక్కడమేమిటని కాసేపు ఆలోచించి, బజారుకెళ్ళి ఒక సైజు పెద్దది కొనుక్కుంది.

అప్పటికి ఒక ప్రైవేటు క్లినిక్కులో, టీబీ కావచ్చు, పరీక్ష చేయించుకోమన్నారు. పరీక్షలో టీబీ లేదని వచ్చింది. లేదన్న మాట మేడ మీదే ఉండిపోయింది, టీబీ అన్న మాట మాత్రం వీధంతా తిరిగింది. చంద్రమౌళిగారి భార్య బుల్లమ్మ చెడ్డ మనిషి కాదు. అయినా, మేరమ్మ కిందికొచ్చి మంచినీళ్ళడిగితే వేరే గ్లాసులో ఇచ్చి, "అది నువ్వే ఉంచుకోమ్మా" అంది. జాకెట్ల ఆడవాళ్ళు మొదటి మెట్టు మీదే సంచి పెట్టి, ఫోన్లో కొలతలు చెప్పేవారు. ఫోన్లో మాట్లాడుతూ మేరమ్మ మధ్యమధ్యలో ఊపిరి కోసం ఆగితే, లైను పోయిందనుకుని పెట్టేసేవారు.

మేడ మీదికి మనిషన్నవాడు రాని వారం కూడా ఒకటి గడిచింది. ఆ వారం చివర ఆమె ఒక్కతే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళింది.

అక్కడ బిందుమాధవి అనే డాక్టరమ్మ ఉంది. చిన్న వయసే. మందులచీటీ ముందే రాసెయ్యకుండా, కుర్చీ దగ్గరకి లాక్కుని కూర్చుంది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా దగ్గు?"

"ఏడాదిన్నర దాటిందమ్మా. కళ్ళె రాదు. ఒట్టి దగ్గే."

"మెట్లెక్కితే?"

"రెండో అంతస్తు కాడ కూకుండిపోతాను. మొదట్లో మేడెక్కితేనే వచ్చీది ఆయాసం. ఇప్పుడు నీళ్ళోసుకున్నా వత్తంది."

డాక్టరమ్మ ఆమె చేతులు అందుకుంది. రెండు చూపుడువేళ్ళ గోళ్ళూ ఒకదానికొకటి ఆనించి వెలుతురుకి ఎత్తి పట్టింది. తన వేళ్ళు కూడా అలాగే పెట్టి చూపించింది. డాక్టరమ్మ గోళ్ళ మధ్య నువ్వుగింజంత సందులోంచి వెలుతురు కనబడింది. మేరమ్మ గోళ్ళ మధ్య సందే లేదు. తర్వాత వీపు మీద, కింది పక్కటెముకల దగ్గర స్టెతస్కోపు పెట్టి, "గట్టిగా పీల్చండి, ఇంకోసారి" అంటూ చాలాసేపు విన్నది.

"ఏటి వినబడతందమ్మా?"

"మీరు కుట్టుపని చేస్తారు కదా. వెల్‌క్రో పట్టీ మెల్లగా ఊడదీస్తే ఎలా వినబడుతుంది? ఊపిరి లోపలికి పీల్చినప్పుడు అలాంటి చప్పుడు."

వేలికి క్లిప్పు పెట్టి వరండాలో నడవమంది. కూర్చున్నప్పుడు తొంభై ఐదు చూపించిన అంకె, ఆరు నిమిషాల నడక అయ్యేసరికి ఎనభై ఆరుకి పడింది.

"ఊపిరితిత్తులు స్పాంజిలా మెత్తగా ఉండాలమ్మా. మీకు లోపల మచ్చ కట్టి గట్టిపడుతున్నట్టుంది. గాయం మానాక చర్మం బిరుసెక్కుతుంది చూడండి, అలాగ. విశాఖలో స్కాన్ తీయిస్తే తెలిసిపోతుంది. ఇది అంటుకునే జబ్బు కాదు." కాగితం రాస్తూ తలెత్తింది. "ఇంట్లో పావురాలు గానీ, చిలకలు గానీ ఉన్నాయా? కొంతమందికి వాటి రెట్ట, ఈకల దుమ్ము పడక ఇలాగే అవుతుంది."

జవాబు చెప్పడానికి మేరమ్మకి ఒక్క క్షణమే పట్టింది.

"లేవమ్మా" అంది.

ఎందుకలా అందో ఆమెకి ఇంటికొచ్చేదాకా తెలియలేదు. మెట్లన్నీ ఆగి ఆగి ఎక్కి, పైన తలుపు తీసేసరికి కరణం వచ్చి భుజం మీద వాలింది. అప్పుడు తెలిసింది.

విశాఖలో స్కాన్ తీశారు, గొట్టంలోకి ఊదించి ఊపిరి పరీక్షా చేశారు. మచ్చలున్న మాట నిజమే. రెండు వైపులా. అక్కడి ఛాతీ డాక్టరూ అదే ప్రశ్న అడిగాడు. అక్కడా లేవనే చెప్పింది. రెండోసారి అబద్ధం మరీ తేలిగ్గా వచ్చింది. కారణం దొరకలేదని మాత్రలు రాసిచ్చి, నెల పోయాక రమ్మన్నారు.

అంతలో రాజయ్యపేట నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. కూతురు సోనీ పురుడు పోసుకుంది, సాయానికి పది రోజులు రమ్మంది. పావురాలకి గింజలు చల్లే పని బుల్లమ్మకి ఒప్పజెప్పి మేరమ్మ బయల్దేరింది. సముద్రం ఒడ్డున, చేపలు ఎండే ఇసకలో, చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని కూర్చునేది. అయిదో రోజుకి దగ్గు తగ్గింది. తొమ్మిదో రోజున చంటిదానికి జోలపాట పాడుతూ, రెండు చరణాలు ఆగకుండా పాడినట్టు తర్వాత గుర్తొచ్చింది.

"సముద్రం గాలి పడ్డాది నీకు. ఇక్కడే ఉండిపో అప్పా" అంది చెల్లెలు.

"గింజలెవలేత్తారే" అని వచ్చేసింది.

బుల్లమ్మ గింజలు చల్లింది గానీ గూళ్ళు ఊడవలేదు. పది రోజుల రెట్ట గట్టిపడి ఉంది. మేరమ్మ పొద్దున్నే కొంగు నడుముకి దోపి అంతా గీకింది, ఊడ్చింది, గూళ్ళు దులిపింది. మేడంతా తెల్లటి దుమ్ము లేచింది. మధ్యాహ్నం అన్నం తిని మిషను ముందు కూర్చుంది. నాలుగింటికి ఒంట్లో వణుకు మొదలైంది. జ్వరం. ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టు. దగ్గుతుంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి. మంచం పట్టె పట్టుకుని కూర్చుని, తెరిచిన తలుపులోంచి బయటికి చూసింది. ఇరవై రెండూ గోడ మీద వరసగా ఎండ కాగుతున్నాయి. దగ్గు తగ్గించింది సముద్రం గాలి కాదు. రెండుసార్లు తను లేవని చెప్పినవి ఇవే.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, కూర్చోకుండానే చెప్పేసింది.

"ఉన్నాయమ్మా పావురాలు. ఇరవై రెండు. అబద్ధమాడేను."

బిందుమాధవి కోప్పడలేదు. "చెప్పారు, మంచిదైంది. కట్టిన మచ్చ మళ్ళీ మెత్తబడదమ్మా. కొత్తది పడకుండా మాత్రం ప్రయత్నం చెయ్యొచ్చు. వాటిని వదిలెయ్యకపోతే మందులు ఎన్ని వేసినా లాభం ఉండదు."

"మా ఆయన పెంచేడమ్మా."

డాక్టరమ్మ కలం మూత పెట్టింది. వెనక వరసలో ఉన్నవాళ్ళు గొణుగుతున్నా తొందరపెట్టలేదు.

యేసుపాదం స్నేహితుడు తాతబ్బాయిది గొలుగొండ. అతనూ పావురాలు పెంచేవాడే. వాటిని తీసుకెళ్ళడానికి వెదురు బుట్టలతో ఆటో వేసుకుని వచ్చాడు. మేరమ్మ ముక్కుకి గుడ్డ కట్టుకుని, మెట్ల తలుపు దగ్గరే నిలబడి ఒక్కోదాని పేరూ చెప్పింది. "అది మేస్త్రి. దానికి జొన్నల కన్నా చోళ్ళే ఇట్టం. ఆ కరణం పక్కోటిని తిన్నివ్వదు, ఏరే పెట్టాలి."

"నాను సూసుకుంతాను గానీ, నువ్వెళ్ళి కూకో వదినా" అన్నాడు తాతబ్బాయి.

నెల రోజులు గూళ్ళు మూసే ఉంచాడు. కొత్త చోటు అలవాటయ్యిందనుకుని ఒక పొద్దున్న తెరిచాడు. యాభై కిలోమీటర్ల పైమాటే గొలుగొండకి. అయినా మూడోరోజు మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకు మీద రెక్కల చప్పుడైంది. ఏడు వచ్చేశాయి. ముందర రాణి.

"అన్నయ్య మేడని మర్సిపోలేదు వదినా అవి" అన్నాడు తాతబ్బాయి ఫోన్లో.

మేరమ్మ కిటికీ మూసింది, తలుపు మూసింది. గింజలు వేస్తే ఉండిపోతాయి, వెయ్యకపోతే పోతాయనుకుంది. అవి పోలేదు. రేకు మీద ముక్కులతో టకటకా కొట్టేవి. కిటికీ అద్దం అవతల రాణి మెడ వంచి ఒక కంటితో చూసేది. మొగుడు పోయినప్పుడు నలుగురూ వచ్చి ఏడ్చారు. ఇప్పుడు ఈ మూసిన గదిలో, ఇలాంటిదానికి ఏడుస్తున్నానని ఎవరితో చెప్పుకుంటుంది? మూడు రోజులు అలా ఉంది. నాలుగో రోజు కిందికి దిగి, "గది ఖాళీ సేసేత్తాను బాబూ" అని చంద్రమౌళిగారితో చెప్పింది. పావురాలు మేడ వదలవు. మరి ఎవరో ఒకరు వదలాలి.

రైల్వే స్టేషనుకి దగ్గర్లో నేలమీద గది దొరికింది. మెట్లు లేవు. దిండు, పరుపు, పాత కర్టెన్లు ఏవీ వెంట తీసుకెళ్ళొద్దంది డాక్టరమ్మ. ఆమెతో పాటు మిషను వెళ్ళింది, కత్తెర వెళ్ళింది, యేసుపాదం ఫొటో వెళ్ళింది. ఆ ఏడింటినీ పట్టడానికి తాతబ్బాయి మళ్ళీ వచ్చేనాటికి ఆమె అక్కడ లేదు. ఉండకూడదనే ముందురోజు వెళ్ళిపోయింది.

కొత్త వీధిలో ఆమెకి టీబీ అన్న మాట లేదు. అసలు ఏ మాటా లేదు. కుట్టుపని మెల్లగా వచ్చింది. ఉదయం లేచాక ఊడవడానికి గూళ్ళు లేవు, వెయ్యడానికి గింజలు లేవు. గొంతు వాడకుండానే మధ్యాహ్నమైపోయేది. రోజూ సాయంత్రం, డాక్టరమ్మ చెప్పినట్టు, స్టేషను రోడ్డు వెంట ఆగుతూ ఆగుతూ నడిచేది. దగ్గు పూర్తిగా పోలేదు. తగ్గింది. ఆయాసం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆరు నెలలకి విశాఖలో మళ్ళీ ఊపిరి పరీక్ష చేశారు. గొట్టంలోకి బలమంతా పెట్టి ఊదింది. డాక్టరు పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి చూశాడు. "ఊపిరి ఇంకా తగ్గలేదు. నిలబడింది. ఈ జబ్బులో నిలబడటమే చాలా మంచి మాట" అన్నాడు.

బయటికొచ్చి చెల్లెలికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. సోనీకి చేసింది. చంటిది ఏడుస్తోంది, తర్వాత చేస్తానంది. ఇంకెవరికి చెయ్యాలో తోచక ఫోను సంచిలో వేసుకుని, తుని వైపు వెళ్ళే పాసింజరెక్కింది. కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా ఒక పెద్దావిడ వేరుశనక్కాయలు వలుచుకుంటోంది. దువ్వాడ దాటాక, మేరమ్మ చేతిలోని ఆసుపత్రి సంచీ చూసి అడిగింది.

"ఏటమ్మా, ఒంట్లో బాగోలేదా?"

"ఊపిరితిత్తుల్లో మచ్చలమ్మా" అంది మేరమ్మ. అక్కడితో ఆపేద్దామనుకుంది. పెద్దావిడ వలవడం ఆపి ముఖంలోకి చూస్తోంది. "మా ఆయనికి పావురాలంటే పేణం" అని మొదలెట్టింది. మధ్యలో ఊపిరి కోసం ఆగింది. ఆవిడ లేచి వెళ్ళలేదు, కిటికీలోంచి బయటికి చూడలేదు. గుప్పెడు వలిచిన గింజలు చేతిలో పెట్టి, "నిదానంగా సెప్పు తల్లీ, అనకాపల్లి ఇంకా రాలేదు" అంది.