కోడి హర్రాజు

హుజూరాబాద్ కూరగాయల మార్కెట్‌లో అందరికంటే ముందు లేచే గొంతు సుధాకర్‌ది. రైతులు టమాట డబ్బాలు, వంకాయ సంచులు దించగానే పక్కన నిలబడి హర్రాజు పాడించేది అతనే. కమీషన్ దుకాణంలో జీతానికి పని. యాభై దాటినా గొంతు తగ్గలేదు. మైకు లేకుండానే గేటు దాకా వినిపిస్తుంది.

ఆ గొంతు వల్లే చర్చిలోనూ అతనికి ఒక పని దొరికింది. పంటలు ఇంటికి వచ్చాక ఏటా కోతపండుగ చేస్తారు. ఎవరికి పండింది వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని బయట హర్రాజు వేసి, వచ్చిన డబ్బు సంఘానికి జమ చేస్తారు. సుధాకర్ పెళ్లైన కొత్తలోనే ఈ హర్రాజు అందుకున్నాడు. అప్పట్లో అది నవ్వులతో గడిచే పూట. "గీ సొరకాయ మా ఇంట్లామె పండిచ్చింది. మీరు కొనకపోతె వారమంత నాకు గిదే కూర," అనేవాడు. అతని భార్య రోజారాణి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. కూలికి పోయేవాళ్లు కూడా పొరుగింటివాళ్ల పుంటికూర కట్ట కొనుక్కుని సంబరంగా ఇంటికి పోయేవారు.

కొత్త పాస్టరు వచ్చాక పెద్ద హాలు కట్టాలన్నారు. డబ్బు చాలక హాలు పిల్లర్ల దగ్గరే ఆగింది. అదే సమయంలో సంఘంలో ఇద్దరు మనుషులకు పడకుండా పోయింది. ఒకడు ప్లాట్లు అమ్మే రంజిత్, ఇంకొకడు రోడ్ల కాంట్రాక్టరు లక్ష్మణ్. ఇద్దరికీ కమిటీ సెక్రటరీ పదవి కావాలి. పాస్టరు సుధాకర్‌ను పక్కకు పిలిచాడు.

"బ్రదర్, ఈసారి వస్తువు పేరు కాదు, మనుషుల పేర్లు పెట్టి పిలవండి. పేరు వినబడితే చెయ్యి దానంతటదే లేస్తుంది."

"దేవుని పనే గద అయ్యగారూ," అన్నాడు సుధాకర్. ఆ మాట అతను నమ్మే అన్నాడు.

ఆ ఏడు దేవవ్వ ఒక కోడిని తెచ్చింది. దేవవ్వ బీడీలు చుట్టి బతికే ముసలామె, మొగుడు ఎప్పుడో పోయాడు. మనవరాలికి కామెర్లు తగ్గితే ఇస్తానని మొక్కుకుంది. గుడ్లు పెట్టే కోడి, ఇంట్లో ఉన్నది అదొక్కటే. కాళ్లు కట్టి తెచ్చి, తలమీద చెయ్యి వేసి నిమిరి మరీ అప్పగించింది.

సుధాకర్ కోడిని తలకిందులుగా పట్టుకుని పైకెత్తాడు. రంజిత్ ఐదువందలన్నాడు. లక్ష్మణ్ వెయ్యి అన్నాడు. "రంజితన్న, ఊకున్నవేంది? లక్ష్మణ్ సారు నవ్వుతుండు చూడు," అని సుధాకర్ రెచ్చగొట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. పాట పది వేలు దాటింది. గెలిచిన లక్ష్మణ్ కోడిని తీసుకోలేదు. "దేవునికే ఇస్తున్న, మళ్ల హర్రాజు వెయ్యి," అన్నాడు. రెండోసారి రంజిత్ గెలిచి, అతనూ తిరిగి ఇచ్చేశాడు. పాస్టరు ప్రతిసారీ హల్లెలూయా చెప్పించాడు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. కోడి నోరు తెరుచుకుని రొప్పుతోంది. సుధాకర్ చెయ్యి మార్చుకున్నాడు గానీ కోడిని దించలేదు.

మూడోసారి పాట మధ్యలో అతని చేతిలో ఏదో ఒక్కసారి అదిరి, తర్వాత బరువుగా వేలాడింది. చూస్తే కోడి మెడ వాలిపోయి ఉంది. మైకు పక్కకు పెట్టి, "అయ్యగారూ, కోడి సచ్చింది," అన్నాడు.

"తెలుసు. ఆపకండి. పాట మంచి ఊపులో ఉంది," అన్నాడు పాస్టరు పెదాలు కదపకుండా.

సుధాకర్ ఆపలేకపోయాడు. ఇంకో రెండు పాటలు తన నోటితోనే పిలిచాడు. ఆ తర్వాత పాట ఆపి, మైకులోనే చెప్పాడు. "కోడి పాణం పోయింది. ఇగ హర్రాజు లేదు."

రంజిత్ కుర్చీలోంచి లేచాడు. "సచ్చినా ఫికర్ లేదే. ఇంకో ఐదు వేలు రాసుకో." జనం పగలబడి నవ్వారు. చప్పట్లు కొట్టారు. లక్ష్మణ్ కూడా చెయ్యెత్తాడు.

దేవవ్వ మెల్లగా ముందుకు వచ్చి కోడి తల అరచేతిలోకి తీసుకుంది. "జర నీళ్లన్న తాపకపోతివి బిడ్డా," అంది. అంతే, వెనక్కి పోయి కూర్చుంది.

సుధాకర్ కోడిని, మైకును బల్లమీద పెట్టి దిగిపోయాడు. పాస్టరే మైకు అందుకుని హర్రాజు ముగించాడు. ఆ తర్వాత బైబిల్లోంచి, ఉన్నదంతా కానుకగా వేసిన పేదరాలైన విధవరాలి రెండు కాసుల వాక్యం చదివి ప్రార్థన చేశాడు. ప్రార్థనలో రంజిత్ పేరు, లక్ష్మణ్ పేరు వచ్చాయి. దేవవ్వ పేరు రాలేదు.

సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు వడ్డించే వేళకు చేతులు కడుక్కుందామని సుధాకర్ చర్చి వెనక్కి వెళ్లాడు. ఎంగిలి విస్తర్ల కుప్పమీద ఆ కోడి పడి ఉంది. కాళ్లకు కట్టిన తాడు కూడా ఎవరూ విప్పలేదు. రెండు కుక్కలు చెరోవైపు గుంజుతున్నాయి. గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. విందు దగ్గర మైకులో ఎవరో కోడి కూర అందిందా అని అడుగుతున్నారు.

మరుసటి వారం అంగడిలో ఒక పెట్టను కొని దేవవ్వ ఇంటికి తీసుకుపోయాడు. ఆమె బీడీ ఆకు కత్తిరిస్తూ తలెత్తి చూసింది.

"ఇదెందుకు తెచ్చినవ్?"

"నా చేతులల్లనే సచ్చింది గదవ్వా."

"నేను మొక్కు చెల్లిచ్చిన. నువ్వు దాని బదులు ఇంకోటిస్తె నా మొక్కు ఏమైతది? తీస్కపోయి ఇంట్ల సాదుకో."

అతను కోడిని స్కూటర్ ముందు పెట్టుకుని తిరిగి వచ్చాడు.

మళ్లీ కోతపండుగ దగ్గర పడ్డప్పుడు పాస్టరు ఇంటికి వచ్చాడు. చాయ్ తాగి, "మీ గొంతు దేవుడిచ్చిన వరం బ్రదర్, దాచుకోకూడదు," అన్నాడు.

"మార్కెట్ల కుళ్లిన టమాటలుంటె కుళ్లినయే అని చెప్పి పాట పెడ్త అయ్యగారూ. గక్కడ గట్ల చెప్తె ఎవ్వలు నవ్వరు. మీ దగ్గర కోడి సచ్చిందంటె చప్పట్లు కొట్టిండ్రు. నాతోటి కాదు."

పాస్టరు గ్లాసు కింద పెట్టి, ప్రార్థన చెయ్యకుండానే లేచిపోయాడు. రోజారాణికి కోపం వచ్చింది. "అయ్యగారిని గట్ల అంటరా? రేపు మన పిల్ల పెండ్లి ఎవరు చేస్తరు?" అంది.

హర్రాజు పాడించడానికి కరీంనగర్ నుంచి పెళ్లిళ్లలో మైకు పట్టి మాట్లాడే కుర్రాడిని కిరాయికి పిలిపించారు. హాలు పూర్తయింది. గోడమీద పాలరాతి పలకలో సెక్రటరీగా రంజిత్ పేరు అన్నిటికంటే పైన చెక్కించారు. సుధాకర్ ఆదివారాలు మానలేదు. వెనక వరుసలో కూర్చుంటాడు. పేరు రాసే కవరులో కానుక వెయ్యడం మానేసి, ఉన్నది నేరుగా కానుకల సంచిలో వేస్తాడు. ఆ ఏడు కోతపండుగ నాడు ఆశీర్వాదం కాగానే ఒక్కడే బయటికి నడిచాడు. రోజారాణి విందుకు ఆగింది. రోడ్డు మలుపు దాకా మైకు వినిపిస్తూనే ఉంది. ఎవరి పేరో పిలుస్తున్నారు, జనం చప్పట్లు కొడుతున్నారు. సుధాకర్‌కు నోట్లో పులుపు ఊరింది. కాలువ పక్కన ఉమ్మేసి, నడక వేగం పెంచాడు.