కోళ్ళకు కుట్టిన చొక్కాలు

వీధిలో అందరూ ఆమెను అతుకులక్క అంటారు. వెక్కిరింత కాదు, బిరుదే. చిరిగిన సంచి, బిగుతైపోయిన గౌను, జిప్పు ఊడిన ప్యాంటు, ఏది తెచ్చినా "పారేయకండి, ఏదో ఒకటి చేద్దాం" అంటుంది. ముందుగదిలో కుట్టు మిషను, దాని పక్కన పీలికల బుట్ట, ఇంటి వెనక కోళ్ళ దొడ్డి, ఇదీ ఆమె రాజ్యం. రాజ్యం ఆమెదే గానీ, రాజులు మాత్రం వేరే ఉన్నారు.

ఒకరు భర్త. పనిచేసే మిల్లు మూతపడ్డాక, మంచి ఉద్యోగం తననే వెతుక్కుంటూ వస్తుందని గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రెండోవారు బావగారు, అంటే భర్తకు అన్న. ఆఫీసులో జనం మీద పెత్తనం చేసి రిటైరై, నాలుగు రోజులుండి పోతానని వచ్చి, పక్కనే ఇంకో కుర్చీ వేయించుకున్నారు. ఇల్లు తనదని ఒకరు, ఇంటికి పెద్ద తానని మరొకరు. టీలో చక్కెర దగ్గర్నుంచి కిటికీ రెక్క దాకా ఒకరు వేయమంటే ఒకరు తీయమంటారు. వేసేదీ తీసేదీ అతుకులక్కే.

అన్నీ పెట్టలే అని నమ్మి కొన్న కోడిపిల్లల్లో రెండు, నెత్తిన ఎర్రటి తురాయి పెంచి, ఒక పొద్దున గొంతు సవరించుకున్నాయి. ఎర్ర పుంజు భర్త పక్షమైంది, నల్ల పుంజు బావగారి పక్షం. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలు చెప్పారు గానీ, ఆ ఒర సంగతేమిటని ఎవరూ అడగలేదు. పుంజులు తమలో తాము తన్నుకున్నది తక్కువే. ఒకటి దిగితే ఇంకొకటి పెట్టల వీపులెక్కేది. ఉన్నవి గుప్పెడు పెట్టలు. వాటి ఈకలు ఊడి, గోళ్ళు గీరుకుని చర్మం బయటపడింది. అందులోనూ గోధుమరంగు పెట్ట మరీ సాధువు. అతుకులక్క తన సంపాదనతో మొట్టమొదట కొన్న కోడి అది. ఆమె మిషను తొక్కుతుంటే వచ్చి కాళ్ళ దగ్గర పడుకునేది.

"ఒక పుంజును ఎవరికైనా ఇచ్చేద్దామండీ," అంది భర్తతో.

"ఇచ్చేద్దాం. ఆ నల్లదాన్ని ఇచ్చెయ్."

"దాని నడక చూశావా అమ్మాయ్? పెద్దరికం అంటే అదీ. ఎర్రదాన్ని ఇచ్చెయ్," అన్నారు బావగారు.

చర్చ టీతో మొదలై టీతో ముగిసింది. రెండుసార్లూ ఆమే పెట్టింది.

ఇంకెవరైనా అయితే పుంజుల సంగతి చూసేవారు. అతుకులక్క గుడ్డ సంగతి చూసింది. మందపాటి గుడ్డ పొర మీద పొర వేసి, లోపల మెత్తటి అస్తరు పెట్టి, రెక్కల కిందుగా ఎలాస్టిక్ పట్టీ తిప్పి, పెట్టలన్నిటికీ వీపు చొక్కాలు కుట్టింది. కొలతలు తీసేటప్పుడు గోధుమరంగుది కదలకుండా నిలబడింది. మనుషుల్లో అంత బుద్ధిమంతులు ఆమెకు ఎప్పుడూ తగల్లేదు. వీధంతా వచ్చి చూసింది. "అక్కా, కాలరు మర్చిపోయావ్!" అన్నాడు పాలవాడు. ఆ ఆలోచన తనదేనని అన్నదమ్ములిద్దరూ విడివిడిగా చెప్పుకున్నారు. అతుకులక్క కూడా లోలోపల పొంగిపోయింది, అబద్ధమెందుకు!

వీపులు కనపడకపోయేసరికి అందరికీ మనశ్శాంతి దొరికింది. పుంజులకు మరీను.

ఒక పొద్దున గింజలు చల్లితే గోధుమరంగుది రాలేదు. మూల గూట్లో ముడుచుకుని కూర్చుంది. ఒళ్ళోకి తీసుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. చొక్కా మాత్రం ఒక్క కుట్టు కదలకుండా, కొత్తదానిలా ఉంది. ఎలాస్టిక్ కత్తిరించి పైకి తీసేసరికి వాసన కొట్టింది. పాత గాయం కింద చీము పట్టి వీపంతా పుండైపోయి ఉంది. ఎన్నాళ్ళుగా ఉందో, తానే కప్పిపెట్టింది. అతుకులక్క ఆ దొడ్లోనే కూర్చుని ఏడ్చింది.

తరువాత లేచి పుండు కడిగి మందు రాసింది. మిగతా చొక్కాలన్నీ విప్పేసింది. బుట్ట తెచ్చి అందులో ఎర్రదాన్నీ నల్లదాన్నీ చెరోవైపు కట్టింది.

"అదేమిటే, రెండూనా?" భర్త కుర్చీలోంచి లేచాడు.

"రెండూనే. కోడిపిల్లలమ్మే ఆవిడకు రెండు దొడ్లున్నాయి, ఇప్పుడు దేనికీ పుంజు లేదట."

"పుంజు లేకపోతే మనకు గుడ్లెక్కడివి అమ్మాయ్?" అన్నారు బావగారు, లోకజ్ఞానమంతా గొంతులోకి తెచ్చుకుని.

"ఇన్నాళ్ళూ అవే పెట్టాయా బావగారూ?"

గోధుమరంగుది బతుకుతుందో లేదో చాలా రోజులు తెలియలేదు. చివరికి ఒక మధ్యాహ్నం తూలుతూ వచ్చి మిషను కింద పడుకుంది. ఆ రాత్రి అతుకులక్క ఇద్దరికీ గుడ్డు అట్లు వడ్డించింది.

"బయట కొన్నావా?" అన్నాడు భర్త.

"మన పెట్టలవే."

ఇద్దరూ తలెత్తకుండా తిన్నారు. చేయి కడుక్కునే ముందు బావగారు మెల్లగా అడిగారు. "ఆ పుంజులకు అక్కడ తిండి సరిగ్గా పెడుతున్నారా అమ్మా?"

"పెడుతున్నారు. అక్కడ వాటితో పనుందిగా."

మర్నాడూ ఏ కోడీ కూయకుండానే తెల్లవారింది. అతుకులక్క కళ్ళు తెరిచేసరికి వెనక చీపురు చప్పుడు, వంటగదిలో గిన్నెల చప్పుడు. "ఒరేయ్, చక్కెర ఎక్కడ పెడుతుందిరా?" అని బావగారు వంటగది కిటికీలోంచి గుసగుసగా అడుగుతున్నారు. "నాకేం తెలుసన్నయ్యా, గట్టిగా మాట్లాడకు," అంటున్నాడు భర్త.

చక్కెర డబ్బా ఎక్కడుందో చెప్పబోయి, అతుకులక్క నోరు మూసుకుని మళ్ళీ దుప్పటి కప్పుకుంది.